పిల్లి మీద పాట కట్టిన పిల్లలు

ది లిండా లిండాస్ అనే బ్యాండు గురించి ఎవరు చెప్పినా ఒకే వీడియోతో మొదలుపెడతారు. ఒక లైబ్రరీలో నలుగురు ఆడపిల్లలు గొంతు చించుకుని పాడే వీడియో. దాని సంగతికి నేనూ వస్తాను. కానీ నేను మాత్రం పిల్లితో మొదలుపెడతాను.

పిల్లి పేరు నీనో. గిటారు వాయించే బేలా సలజార్ వాళ్ళింటి పిల్లి. వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో ఒక పాట మొత్తం దాని మీదే. నీనో ఎలకల్ని వేటాడుతుంది, నీనో మామూలు పిల్లి కాదు, అదీ పాట. అంతకుముందు మోనికా అనే పిల్లి మీద ఒక పాట కట్టి విడుదల చేశారు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరికే కొత్త గౌను కొనలేం కదా, అలా రెండోదానికీ ఒకటి కుట్టించినట్టున్నారు. అందులో పోలికలు వెతక్కండి. పిల్లి అంటే స్వేచ్ఛ కాదు, ఒంటరితనం కాదు. పిల్లి అంటే పిల్లే.

ఆ పాట నేను మొదటిసారి విన్నది అమీర్‌పేటలో మెట్రో మారుతూ. ఎస్కలేటర్ మీద నా నవ్వు చూసి ముందున్నావిడ వెనక్కి తిరిగింది. నవ్వు రెండు నిమిషాల్లో పోయింది, దాని వెనకాలే మా అక్క కూతురు గుర్తొచ్చింది.

దానికప్పుడు పదకొండేళ్ళు. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి పందిట్లో పాటల పోటీ పెట్టారు. కరావోకే ట్రాక్ వెతికిపెట్టింది నేనే, శృతి ఎక్కువైందని తగ్గించి పెట్టిందీ నేనే, కాబట్టి నా తప్పు కూడా ఇందులో ఉంది. పాటేమో ప్రియుడు కనపడక కుమిలిపోయే అమ్మాయిది. పిల్ల బాగానే పాడింది. జడ్జిగా వచ్చిన పెద్దాయన మైకు తీసుకుని, "శృతి బాగుందమ్మా, ఫీల్ కొంచెం తక్కువైంది, విరహం పలకాలి" అన్నారు. పిల్ల బుద్ధిగా తల ఊపింది. రెండో బహుమతిగా టిఫిన్ బాక్సు వచ్చింది. పైకి వెళ్తుంటే, లిఫ్టు ఎప్పట్లాగే మూడో అంతస్తులో ఒక్క క్షణం ఆగి కదిలింది. "పిన్నీ, విరహం అంటే ఏంటి?" అని అడిగింది. "ఎవరైనా బాగా గుర్తురావడం" అన్నాను. "అమ్మమ్మ గుర్తొచ్చినట్టా?" అంది. "ఆ, అలాంటిదే" అని తప్పించుకున్నాను.

ఈ రాత ఆ ఎస్కలేటర్ మీద మొదలైంది. మన పిల్లలకు పాడటం నేర్పుతున్నాం, బ్రహ్మాండంగా నేర్పుతున్నాం. కానీ ఇప్పటిదాకా ఒక్క పిల్లనైనా "నువ్వేం పాడదామనుకుంటున్నావు?" అని అడిగామా? లిండా లిండాస్ నాకు నచ్చింది వాళ్ళు గొప్పగా వాయిస్తారని కాదు. ఆ మాటకొస్తే మొదట్లో వాళ్ళకు వాయించడం సరిగ్గా రాదు కూడా. వాళ్ళను ఎవరో ఆ ప్రశ్న అడిగారు, అడిగాక వచ్చిన జవాబును దిద్దకుండా విన్నారు. అందుకు నచ్చారు.

ముందు వాళ్ళెవరో చెప్పాలి. మన దగ్గర బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపులో ఎర్ర కోటు వేసుకుని బాకా ఊదేవాళ్ళే ఇప్పటికీ. నేను "ఒక బ్యాండు వింటున్నా" అంటే మా అమ్మ "ఎవరి పెళ్ళికి?" అని అడిగింది, జోకు కాదు. ఇక్కడ బ్యాండు అంటే నలుగురు కలిసి పాట రాసుకుని, బాణీ కట్టుకుని, వాయించుకుని, పాడుకునే జట్టు. సంగీత దర్శకుడు వేరు, రచయిత వేరు, గాయని వేరు, తెర మీద పెదాలు కదిపే మనిషి వేరు అనే మన లెక్క అక్కడ చెల్లదు.

లాస్ ఏంజెలెస్ పిల్లలు వీళ్ళు. బేలా గిటారు. లూసియా డి లా గార్జా కూడా గిటారు. లూసియా చెల్లెలు మీలా డ్రమ్స్. వాళ్ళ కజిన్ ఎలోయీస్ వాంగ్ బేస్ గిటారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, వాళ్ళకో బంధువు, ముగ్గురికీ కలిపి ఒక స్నేహితురాలు. సగం ఆసియా మూలాలు, సగం లాటిన్ అమెరికా మూలాలు. 2018లో గర్ల్‌స్కూల్ అనే సంగీతోత్సవంలో క్రిస్టిన్ కంట్రోల్ అనే గాయని కొందరు పిల్లల్ని పోగుచేసి, న్యూవేవ్ అనే పాత రాక్ శైలి పాటలు కొన్ని నేర్పి స్టేజీ ఎక్కించింది. ఈ నలుగురూ కలిసి వాయించడం అక్కడే మొదలు. మీలాకి అప్పుడు ఏడేళ్ళు. వాయిద్యాలు అప్పటికి సరిగ్గా రావు, స్టేజీ ఎక్కాక నేర్చుకున్నారు. మన లెక్కలో ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం. ముందు సరళీ స్వరాలు, తర్వాత జంట స్వరాలు, తర్వాత గీతాలు, వర్ణం దాటి కృతికి వచ్చేసరికి కొన్నేళ్ళు, ఆ తర్వాతెప్పుడో కచేరీ. ఆ పద్ధతిని నేను తక్కువ చెయ్యను, నేనూ మూడేళ్ళు అందులో కూర్చున్నదాన్నే. కాకపోతే పిల్లలకు అదొక్కటే తోవ అయిపోయింది మన దగ్గర.

పేరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది చక్కటి గొలుసు. జపాన్‌లో ది బ్లూ హార్ట్స్ అనే పంక్ బ్యాండు (పంక్ అంటే నగిషీలు లేకుండా, వేగంగా, అరుస్తూ వాయించే రాక్) 1987లో లిండా లిండా అనే పాట విడుదల చేసింది. 2005లో ఆ పాట పేరు మీద ఒక జపాన్ సినిమా వచ్చింది. స్కూలు వేడుకకు ఇంకా కొద్ది రోజులే ఉండగా నలుగురు అమ్మాయిలు ఆ బ్యాండు పాటలు నేర్చుకుంటారు. పాడటానికి వాళ్ళు పట్టుకున్న అమ్మాయి కొరియా నుంచి వచ్చింది, జపనీస్ అంతంతమాత్రం. కథంతా అంతే. ఆ సినిమా నుంచే లాస్ ఏంజెలెస్ పిల్లలు పేరు తీసుకున్నారు. సరిగ్గా రాని వాళ్ళు, సమయం లేని వాళ్ళు, అయినా ఎక్కేసిన వాళ్ళు. ఇంతకంటే సరిపోయే పేరు వాళ్ళకు దొరికేది కాదు.

ఇప్పుడు సంగీతం. పాప్ రాక్ అని పిలవొచ్చు, పంక్ అనీ అనొచ్చు. రెంటి మధ్యా ఇటూ అటూ గెంతుతుంటారు. సినిమా పాటకు అలవాటుపడిన మన చెవికి మొదట తెలిసేది, పాట అప్పుడే అయిపోయిందే అని. మన పాటలో పల్లవి ఉంటుంది, తర్వాత వయొలిన్లు లేచి ఒక ఇంటర్‌లూడ్, చరణం, మళ్ళీ ఇంకోరకం ఇంటర్‌లూడ్, రెండో చరణం. నాలుగైదు నిమిషాల భోజనం అది, విస్తరి వేసి వడ్డిస్తారు. వీళ్ళది మిరపకాయ బజ్జీ. గిటారు మొదలవుతుంది, డ్రమ్స్ పడతాయి, నాలుగు మాటలు, అందరూ కలిసి అరిచే మకుటం, ఇంకో నాలుగు మాటలు, మళ్ళీ మకుటం, అయిపోయింది. మొదటి ఆల్బమ్ గ్రోయింగ్ అప్‌లో పది పాటలున్నాయి, అన్నీ కలిపి అరగంట కూడా లేదు.

నలుగురూ పాడతారు, నలుగురూ రాస్తారు. రెండు మూడుసార్లు విన్నాక గొంతులు గుర్తుపట్టడం ఒక ఆట అవుతుంది. గరగరలాడుతూ, కోపమొచ్చిన పిల్ల తలుపు విసిరికొట్టినట్టు వచ్చేది ఎలోయీస్. మంచి బాణీ పట్టుకుని, పై గొంతుతో తేలిపోయేది లూసియా. వాళ్ళలో పాప్ భాగం ఎక్కువగా ఆమెదే. బేలా కొంచెం కిందిస్థాయిలో, ఆచితూచి పాడుతుంది, కొన్ని పాటలు స్పానిష్‌లో రాస్తుంది. మొదటి ఆల్బమ్‌లో క్వాంతాస్ వేసెస్ అనే పాట అలాంటిదే. మిగతా పాటల రొద మధ్యలో ఆ పాట రాగానే ఎవరో ఫ్యాన్ స్పీడు తగ్గించినట్టు ఉంటుంది. ఇక మీలా. డ్రమ్స్ వాయిస్తూ పాడటం ఎంత కష్టమో ఒకసారి చేత్తో తాళం వేస్తూ ఇంకో లయలో మాట్లాడి చూడండి, తెలుస్తుంది. ఆ పిల్ల పదేళ్ళకే అది చేసింది.

ఇక ఆ వీడియో. 2021 మే నెల. లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన సైప్రస్ పార్క్ శాఖలో, ఆసియా మూలాల అమెరికన్ల చరిత్రకు కేటాయించిన నెల సందర్భంగా వీళ్ళు ఒక చిన్న కచేరీ ఇచ్చారు. అంతకు రెండు నెలల ముందే అట్లాంటాలో మసాజ్ పార్లర్ల మీద కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు, వాళ్ళలో ఆరుగురు ఆసియా మూలాల స్త్రీలు. కోవిడ్ మొదలైనప్పటి నుంచీ వీధుల్లో ఆసియా వాళ్ళను చూసి తిట్టడం, తొయ్యడం జరుగుతూనే ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు వేరే సందర్భంలో ఆ భయం తెలుసు. 2001 సెప్టెంబర్ తర్వాత తలపాగాను, గడ్డాన్ని, చర్మం రంగును చూసి ఎవరెవరినో కొట్టిన రోజులు వాళ్ళు మరిచిపోలేదు.

వీడియోలో నాకు పాట కంటే పాటకు ముందున్న అర నిమిషం ముఖ్యం. పదేళ్ళ మీలా డ్రమ్స్ వెనక కూర్చుని చెబుతుంది. లాక్‌డౌన్‌కు కొంచెం ముందు తన క్లాసులో ఒక అబ్బాయి వచ్చి, చైనావాళ్ళకు దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు అన్నాడు. నేను చైనీస్‌నే అని ఈ పిల్ల చెప్పగానే ఆ అబ్బాయి వెనక్కి జరిగాడు. ఆ అనుభవం మీద ఎలోయీస్, తను కలిసి పాట రాశారు. అంతే చెప్పింది. హోంవర్క్ ఏమిచ్చారో చెప్పినట్టు చెప్పింది. ఏడవలేదు, గొంతు వణకలేదు. ఇదే పిల్ల మన టీవీ పాటల కార్యక్రమంలో ఈ కథ చెప్పి ఉంటే ఏమయ్యేదో మీకూ తెలుసు. వెనక నుంచి వేణువు, తల్లి ముఖం మీదికి కెమెరా, జడ్జి కళ్ళు తుడుచుకోవడం, స్లో మోషన్, ఆ తర్వాత ప్రకటనలు. ఇక్కడ ఏమీ లేదు. ఎలోయీస్ ఇంకో మాట కలిపింది, వెంటనే పాట.

పాట పేరు రేసిస్ట్, సెక్సిస్ట్ బాయ్. జాతి చూసి, ఆడామగా చూసి హీనంగా చూసే పిల్లాడని అర్థం. బాణీ అనేది పెద్దగా లేదు. ఎలోయీస్ బరువుగా, నెమ్మదిగా, బండరాయి దొర్లించినట్టు ఒక భాగం పాడుతుంది. ఉన్నట్టుండి వేగం మారుతుంది, మీలా అందుకుంటుంది. మళ్ళీ నెమ్మది. మళ్ళీ వేగం. కోపం కూడా అలాగే వస్తుంది కదా, మరిగి, పొంగి, మళ్ళీ అడుగంటి.

వీడియో ఊళ్ళు దాటింది. రేజ్ అగెయిన్స్ట్ ద మెషీన్ బ్యాండు గిటారిస్టు టామ్ మొరెల్లో, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బ్యాండులో బేస్ వాయించే ఫ్లీ లాంటి వాళ్ళు మెచ్చుకుని పంచుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఎపిటాఫ్ అనే పంక్ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. జూన్‌లో అమెరికా టీవీలో జిమ్మీ కిమ్మెల్ షోలో పాడారు. గ్రోయింగ్ అప్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది.

నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. ఆ రోజు నుంచి వీళ్ళను పరిచయం చేసే ప్రతివాళ్ళూ వీళ్ళ నెత్తిన ఒక గుడి కట్టారు. ఈ పిల్లలే మన ఆశ, ఈ తరమే లోకాన్ని మారుస్తుంది, అంటూ. పదేళ్ళ పిల్ల లోకాన్ని మార్చడమేమిటి? లోకాన్ని ఇలా చేసిన పెద్దవాళ్ళం మనం, పిల్ల పాట విని కళ్ళు చెమర్చుకుని, ఇక అది చూసుకుంటుందిలే అని నిద్రపోతామా? మా అక్క కూతురి మీద జడ్జిగారు విరహం పెట్టారు, వీళ్ళ మీద పత్రికలవాళ్ళు విప్లవం పెట్టారు. రెండూ పిల్లల సైజు చొక్కాలు కావు.

పిల్లలే తెలివైనవాళ్ళు. ఆల్బమ్‌లో ఆ పాటను ఎక్కడ పెట్టారో చూడండి, చిట్టచివర. దాన్ని వినడానికి వచ్చినవాళ్ళు ముందు తొమ్మిది పాటలు దాటాలి. చెయ్యాల్సినప్పుడు ఊరుకుని, చెయ్యబోతే ఇంకా చెడగొట్టి, ఛ అనుకునే పాట దాటాలి. ఒంటరిగా కూర్చుని తమతో తామే మాట్లాడుకునే పాట దాటాలి. పెద్దవుతున్నాం అనే పాట దాటాలి. పిల్లిని దాటాలి. ఈ వరస కావాలని పెట్టారో లేదో నాకనవసరం, నాకు మాత్రం వరసే అసలు మాట చెప్పింది. పిల్లి మీద పాట రాసే హక్కున్న పిల్లే, కోపమొచ్చినప్పుడు కోపం మీద నిజమైన పాట రాయగలదు.

ఇది చెప్పినప్పుడల్లా మా ఆఫీసులో ఒకతను నవ్వుతాడు. "వాళ్ళ నాన్నే ప్రొడ్యూసరట కదా, ఇంకేం, మన హీరోల కొడుకుల్లాగే" అంటాడు.

నిజమే, దాచడానికేం లేదు. లూసియా, మీలాల తండ్రి కార్లోస్ డి లా గార్జా పేరున్న రికార్డింగ్ ఇంజినీరు, ప్రొడ్యూసరు, పారమోర్ లాంటి పెద్ద బ్యాండ్లతో పనిచేసినవాడు, గ్రామీ అందుకున్నవాడు. కూతుళ్ళ ఆల్బమ్‌లకూ ఆయనే ప్రొడ్యూసరు. ఎలోయీస్ తండ్రి మార్టిన్ వాంగ్ జెయింట్ రోబోట్ అనే పత్రికను మొదలుపెట్టినవారిలో ఒకడు, ఆసియా మూలాల అమెరికన్ల పాప్ సంస్కృతికి తొంభైల నుంచీ గొంతుగా నిలిచిన పత్రిక అది. మంచి మైకులు, మంచి చెవులు, స్టేజీ ఎక్కించగల స్నేహాలు, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. టాలెంటును ఎవరూ ఆపలేరని మనవాళ్ళు స్టేటస్‌లు పెడుతుంటారు. ఎందుకు ఆపలేరు, శుభ్రంగా ఆపొచ్చు. ఇంట్లో డ్రమ్ సెట్టు పెట్టే చోటు లేకపోతే చాలు.

అయితే మన వారసుల లెక్కకీ దీనికీ తేడా ఉంది. మన దగ్గర వారసుణ్ణి దింపేటప్పుడు ముందే నగిషీలన్నీ చెక్కి దింపుతారు. డాన్సు, ఫైటు, గుర్రపు స్వారీ నేర్పించి, పేరుకు ముందు ఒక బిరుదు తగిలించి, మొదటి సినిమాలోనే కొండలు పగలగొట్టిస్తారు. తడబాటు ఎక్కడా కనపడకూడదు. ఈ తండ్రి పనితనం ఇంకోరకం. కూతురి గొంతు ఎక్కడ పగిలిందో అక్కడ పగలనిచ్చాడు. అంత అనుభవమున్న ఇంజినీరుకు దాన్ని నున్నగా చెయ్యడం ఒక పూట పని. చెయ్యకపోవడమే ఎక్కువ పని అని నా అనుమానం.

తండ్రుల కంటే ముందు చెప్పాల్సింది ఆ పేట గురించి. లాస్ ఏంజెలెస్ చైనాటౌన్‌లో డెబ్బైల చివర్లో హాంకాంగ్ కెఫే, మేడమ్ వాంగ్స్ అనే రెండు చోట్ల పంక్ కచేరీలు జరిగేవి. పెద్ద హాళ్ళు రానివ్వని బ్యాండ్లకు అవి దిక్కు. అదే పేటలో కాస్టెలార్ అనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. అక్కడ సంగీతం పాఠాలకు డబ్బు లేకపోతే, 2013లో మార్టిన్ వాంగ్, ఆయన భార్య కలిసి సేవ్ మ్యూజిక్ ఇన్ చైనాటౌన్ పేరుతో చందా కచేరీలు మొదలుపెట్టారు. ఒకప్పటి పంక్ బ్యాండ్లవాళ్ళే వచ్చి వాయించేవాళ్ళు. కచేరీలు పగటిపూట, పిల్లలు తిరుగుతూ వినేలా. ఎలోయీస్ అక్కడ పెరిగింది. తల నెరిసిన పంక్ గాయకులు ఆ పిల్లకు తాతయ్యలు, అత్తయ్యలు లాంటివాళ్ళు. భజన మందిరం పక్కింట్లో పెరిగిన పిల్లకు తాళం ఎలా వస్తుందో ఆ పిల్లకు పంక్ అలా వచ్చింది.

అంటే చూడండి, ఒక స్కూల్లో సంగీతం క్లాసు ఆగిపోకూడదని చందాలు, ఆడుకోవడానికి ఒక పండగ స్టేజీ, చివరకు ఒక లైబ్రరీ. ఏదీ ఖరీదైన వ్యవహారం కాదు. లైబ్రరీ అంటే గుర్తొచ్చింది. గ్రంథాలయోద్యమం నడిపినవాళ్ళం మనం. వేటపాలెం సారస్వత నికేతనానికి నూరేళ్ళు దాటాయి. ఇవాళ హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే గ్రూప్స్‌కు చదివే పిల్లలతో చెట్ల కింద కూడా చోటుండదు. వాళ్ళ అవసరం వాళ్ళది, తప్పు పట్టను. కానీ ఆ గేటులోంచి ఒక పదేళ్ళ పిల్ల డ్రమ్ సెట్టు తీసుకెళ్తుంటే వాచ్‌మన్ ఏమంటాడో ఊహించుకుని నేను ఒక రోజంతా నవ్వుకున్నాను.

మనకు సొంత బ్యాండ్లు లేవని కాదు. హైదరాబాద్‌లోనే చౌరస్తా లాంటివి వచ్చాయి, తెలుగులో సొంత పాటలు కట్టి వినిపించాయి. రామ్ మిరియాల అందులోంచే వచ్చాడు. కానీ సినిమాలో పాడేదాకా మనవాళ్ళకు ఆ గొంతు లెక్కలోకి రాదు. సినిమా అనేది మన దగ్గర ఒక పెద్ద చెరువు, ఏ కాలవైనా అందులో కలిస్తేనే నీళ్ళంటారు.

అసలు పిల్లల సొంత పాటలకు మనం కొత్తవాళ్ళమేమీ కాదు. వానా వానా వల్లప్ప ఎవరు రాశారు? చెమ్మచెక్క చారడేసి మొగ్గ ఎవరి బాణీ? కాళ్ళాగజ్జె కంకాళమ్మలో కంకాళమ్మ ఎవరో ఇప్పటికీ నాకు తెలీదు, తెలియకుండానే మా వీధి పిల్లలం అందులో మా పేర్లు దూర్చి పాడుకునేవాళ్ళం. గిట్టని పిల్ల మీద ఒక చరణం అదనంగా ఉండేది, అది ఇక్కడ రాయలేను. బతుకమ్మ దగ్గర ఆడవాళ్ళు ఆ ఏడు ఊళ్ళో జరిగిన సంగతి కూడా పాటలో కలిపి పాడతారు. ఎవరూ విరహం పలకలేదని మార్కులు తగ్గించరు. ఆ అలవాటు ఎప్పుడు పోయిందంటే, మైకు వచ్చి, మైకు పక్కన జడ్జి కుర్చీ వచ్చినప్పుడు.

లిండా లిండాస్‌ను నెత్తిన పెట్టుకున్నానని అనుకోకండి, నాకు నచ్చనివీ ఉన్నాయి. 2020 ఎన్నికలప్పుడు వోట్ అనే పాట చేశారు, అది పాట కంటే గోడ మీద పోస్టరు. రెండో ఆల్బమ్ నో ఆబ్లిగేషన్ 2024 అక్టోబర్‌లో వచ్చింది. వాయించడంలో చాలా ఎదిగారు, గిటార్లు బలపడ్డాయి, అయితే కొన్నిచోట్ల మాటలు మరీ మామూలుగా, ఏ బ్యాండైనా రాయగలిగేలా ఉన్నాయి. పిల్లి పేరు తెలిసిన బ్యాండు నుంచి నేను అది ఆశించను. ఆల్బమ్ పేరు మాత్రం నాకు భలే నచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే, మీకేం బాకీ లేం. నెత్తిన గుడి కట్టినవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు ఉందా?

ఆ రెండో ఆల్బమ్‌లో యో మే ఎస్ట్రెసో అనే స్పానిష్ పాట ఉంది, బేలాది. ఆ మాటకు నేను చెప్పే తెలుగు ఒక్కటే: నాకు టెన్షన్. పేరడీ పాటలకు పేరుపడ్డ వియర్డ్ ఆల్ యాంకోవిక్ అందులో అకార్డియన్ వాయించాడు. మెక్సికో పల్లెటూళ్ళ లయ, దాని కింద రాక్ గిటారు, పైన టెన్షన్. మా మెట్రోలో పొద్దున తొమ్మిదింటికి వినడానికి దీన్ని మించిన పాట లేదు. కొత్తగా వినేవాళ్ళు మాత్రం ఆల్ ఇన్ మై హెడ్‌తో మొదలుపెట్టండి. బాణీ వెంటనే పట్టుకుంటుంది, అరుపులంటే భయపడేవాళ్ళు కూడా తట్టుకుంటారు. అక్కణ్ణుంచి గ్రోయింగ్ అప్‌కు, తర్వాత పిల్లికి. లైబ్రరీ పాట చివర్న వినండి, వాళ్ళు పెట్టిన చోటే.

2024 వేసవిలో గ్రీన్ డే బ్యాండు అమెరికా అంతా స్టేడియంలలో కచేరీలు చేసినప్పుడు వీళ్ళూ వెంట వెళ్ళారు. స్మాషింగ్ పంప్‌కిన్స్, రాన్సిడ్ కూడా ఉన్న ఆ వరసలో వీళ్ళది మొదటి వంతు. మొదటి వంతంటే ఏమిటో మనకు తెలుసు. ఎండ దిగలేదు, సగం కుర్చీలు ఖాళీ, వచ్చినవాళ్ళు తినుబండారాల దగ్గర క్యూలో. అలాంటి చోట నిలబడి వాయించిన వీడియోలు కొన్ని చూశాను. ఖాళీ కుర్చీలున్నాయన్న ఊసే లేదు వాళ్ళ మొహాల్లో. ఎలోయీస్ ఎప్పట్లాగే గెంతుతోంది.

మా అక్క కూతురికి ఇప్పుడు పదమూడు. పోయిన నెల వచ్చినప్పుడు నీనో పాట వినిపించాను. పూర్తిగా విని "ఇంతేనా?" అంది. "ఇంతే" అన్నాను. "దీనికి ఎన్ని లైకులొచ్చాయి?" అంది. నాకు నీరసం వచ్చి ఊరుకున్నాను.

రెండు వారాల తర్వాత రాత్రి పదింటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల ప్రెషర్ కుక్కర్ మీద గరిటెతో దరువు, అది వాళ్ళ తమ్ముడు. ముందర ఈ పిల్ల గొంతు. బాణీ ఏదో సినిమా పాటది, అక్కడక్కడా వంకరలు పోయింది. మాటలు మాత్రం దానివే.

లిఫ్టు ఆగింది మూడో అంతస్తులో
ఫోను ఎత్తడు వాచ్‌మన్ తాత
నా బ్యాగులో ఉన్నది ఒక్క చపాతీ
పక్కింటి ఆంటీ చూపంతా దాని మీదే

నాలుగో లైను దగ్గర నవ్వు ఆపుకోలేక ఇద్దరూ ఆపేశారు. వెంటనే ఫోన్ చేశాను. నిజంగా జరిగిందట, ఇరవై నిమిషాలు ఇరుక్కున్నారట. చపాతీ సగం ఆంటీకి పెట్టిందట. చరణం రాయమన్నాను. ప్రయత్నిస్తోందట కానీ రావడం లేదట. లిఫ్టు బాగుచేశారట.